గార్డు లేడు

వన్ టౌన్, విశాఖపట్నం
జూన్ 12

సాయిశంకర్ బావకి,

సంతకం పెట్టే ముందు కాగితం చదివే అలవాటు నీకుందా, లేదా?

క్షేమసమాచారాలు అడగను. నా చెల్లి రోజారమణి నీ ఇంట్లో ఉంది కాబట్టి ఆ ఇంటికి క్షేమం కోరుకుంటాను. నీ సంగతి సింహాద్రి అప్పన్నకి వదిలేశాను. ఫోనులో నా నంబరు బ్లాక్ చేశావు. మంచిదే. ఫోనులో మాట గాలికి పోతుంది, కాగితం మీద మాట నీ బల్ల మీద కూర్చుని నిన్నే చూస్తుంది. అందుకే స్పీడ్ పోస్టు చేస్తున్నాను.

నిన్న పోలీసు స్టేషనులో నీ వాంగ్మూలం నకలు ఇచ్చారు. శుభ్రంగా తెలుగులో టైపు కొట్టి ఉంది. “మే ఇరవయ్యో తారీఖు ఉదయం రెండో నంబరు బెల్టు చివర గార్డు లేడు. ఆ సమయంలో పనివాడు నాగబాబు చెయ్యి బెల్టులో చిక్కుకున్నది.” కింద నీ సంతకం, షిఫ్టు ఇన్‌చార్జి అని ముద్ర.

ఎవరు బావా ఆ గార్డు? నా తమ్ముడు నరేష్. నీ పెళ్లి ఊరేగింపులో నీ తల మీద గొడుగు పట్టి నడిచినవాడు. ఆ బొగ్గు యార్డులో వాడికి ఉద్యోగం వేయించింది నువ్వు. బొగ్గు మోసుకుపోయే ఆ బెల్టు కింద నుంచి మనుషులు అడ్డం దాటకుండా చూడమని వాడి మెడలో విజిల్ వేసింది నువ్వు. ఇప్పుడు ఆ మెడకే ఉరి బిగించిందీ నువ్వే.

నాగబాబుకి కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. వాడి తల్లి చిట్టెమ్మ రోజూ మా సందు మొదట్లో నిలబడి దుమ్మెత్తి పోస్తోంది. కేసు నిలబడితే నరేష్‌కి జైలు. వాడు మూడు వారాలుగా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. మాట లేదు. ముద్ద పెడితే తింటాడు, లేకపోతే లేదు.

వైకుంఠం వాకిట్లో జయుడూ విజయుడూ కాపలా ఉన్నారు. మునులొచ్చారు, వీళ్లు ఆపారు, మునులు శపించారు. నిలబడ్డదీ వాళ్లే, శాపం తిన్నదీ వాళ్లే. హిరణ్యాక్షుడూ హిరణ్యకశిపుడూ అయి పుట్టి ఆ వరాహ నరసింహుడి చేతిలోనే పోయారు. గుమ్మం దగ్గర ఉన్నవాణ్ణి శపించడం అంతంత మునులకే చిటికెలో పని అయ్యింది. నీకు ఎంతసేపు పట్టింది? నరేష్ అక్కడ లేడని కళ్లారా చూశావా? చూశానని రాసి పంపు.

శ్రీరామ్మూర్తి


కూర్మన్నపాలెం
జూన్ 20

పురాణం శ్రీరామ్మూర్తి గారికి,

చదివే అలవాటు ఉంది. వినే అలవాటు కూడా ఉంది. అందుకే ఒకటి అడుగుతాను.

మే ఇరవై రెండున నరసింహ జయంతికి మీ భజన మందిరంలో మైకు పట్టుకున్నది ఎవరు? అప్పటికి ప్రమాదం జరిగి రెండు రోజులు. “కాపలా వదిలేసిన గార్డు రాక్షసుడై పుడతాడు. ఎక్కడో కాదు, మా ఇంట్లోనే ఒకడు పుట్టాడు” అని వీధి వీధంతా వినేలా అన్నావా, లేదా? మీ చెల్లి ఆడవాళ్ల వరసలో కూర్చుని ఉంది. నరేష్ గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నిలబడ్డాడట. నువ్వా మాట అన్నాక ప్రసాదం కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడట. వాడు గోడవైపు తిరిగింది ఆ రాత్రి నుంచే. ఆ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడా కనబడలేదే?

నా వాంగ్మూలం ఇరవై ఆరున. నీ శాపం ఇరవై రెండున. ముందు ఎవరు బావా?

యార్డులో ఎవరో వాగితే, వాడు నిద్రపోయాడని ఎవరో అంటే, తమ్ముణ్ణి పిలిచి “ఏటయ్యిందిరా” అని ఒక్క మాట అడిగావా? మైకు కనబడితే నీకు తమ్ముడు కనబడడు.

నేను రాసింది రాశాను. షిఫ్టు రిజిస్టర్లో నా చేత్తో ఇంగ్లీషులో ఉంది, ‘నో గార్డ్’ అని. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఎవరి ముందైనా చెబుతాను. ఇక ఉత్తరాలు ఆపు. పోస్టుమ్యాన్ సంతకం పెట్టమన్నప్పుడల్లా పక్కింటివాళ్లు కోర్టు నోటీసనుకుంటున్నారు.

సాయిశంకర్


వన్ టౌన్
జూలై 1

బావకి,

అన్నాను. ఆ మాట అన్నాను.

రాత్రి చదివి తెల్లారి మళ్లీ చదివాను. నీ ఉత్తరంలో ఆ ఒక్క పేరా నిజం. మైకు దగ్గర నాకు ఒళ్లు తెలీదు. నా పాపం నా నాలుక మీద ఉంది, అది ఎక్కడ కడుక్కోవాలో నేను చూసుకుంటాను. కానీ నీ పాపం కేసు ఫైలులో ముద్రతో సహా ఉంది. నా తప్పు చూపిస్తే నీ తప్పు మాఫీ అయిపోతుందని ఏ పురాణంలోనూ లేదు. ఉంటే నేను చదివే ఉందును.

ఆదివారం ఆసుపత్రికి వెళ్లాను, నాగబాబుని చూడ్డానికి. మంచం పక్కన చిట్టెమ్మ ఉంది. నన్ను చూడగానే లేచింది.

“ఏటి బాబూ, ఇక్కడా పురాణం సెప్తావేటి? నా కొడుక్కి సెయ్యి పెట్టించు, అప్పుడు ఇంతాను.”

నేను నోరు మూసుకున్నాను. నా జన్మలో అదే మొదటిసారేమో. నాగబాబే అన్నాడు: “అమ్మా, ఊరుకో. గురువుగారూ, బెల్టు ఆగిందండి. ఆగకపోతే నాను మొత్తం లోపలికే పోదును. ఎవరో ఎర్ర తాడు లాగేరు. నాకు కళ్లు తిరిగిపోయాయి, ఎవరో సూడలేదు.”

ఎర్ర తాడు అంటే ఏమిటని అడిగాను. బెల్టు పొడుగునా ఒక తాడు ఉంటుందట, ఎవరు లాగినా బెల్టు అక్కడికక్కడ ఆగిపోతుందట. నీకు తెలియనిది కాదు. మరి రెండో నంబరు బెల్టు చివర నాగబాబు ఒక్కడే పని చేస్తున్నాడు. వాడి చెయ్యి లోపల ఉంది. గార్డు లేడని నువ్వు రాశావు. అయితే తాడు లాగింది ఎవరు? సింహాచలం నుంచి అప్పన్న దిగొచ్చాడా?

మా ఇంటి దండెం మీద నరేష్ యూనిఫారం చొక్కా ఉంది. మా ఆవిడ దేముడమ్మ నాలుగుసార్లు ఉతికింది. ముంజేతుల దగ్గర మరకలు పోలేదు. వంట చేసే మనిషికి తెలుసు ఏది బొగ్గు మరకో, ఏది నెత్తుటి మరకో. అప్పుడే నాకు చెప్పిందట. నేను వినలేదు.

జవాబు రాయి. రాయకపోతే నేనే వచ్చి మీ క్వార్టర్ల మధ్యలో నిలబడి అడుగుతాను, మైకు లేకుండానే.

శ్రీరామ్మూర్తి


కూర్మన్నపాలెం
జూలై 9

బావా,

నువ్వు రావద్దు. మా అమ్మాయి నీలిమకి ఇంటర్ మొదలయ్యింది, ఇంటి ముందు గొడవ వద్దు.

తాడు ఎవరు లాగారో నేను రాయలేదు. ఎవరో లాగారు. పరిగెత్తుకొచ్చినవాళ్లు పదిమంది.

నన్ను అబద్ధాలకోరు అంటున్నావు కాబట్టి చెబుతున్నాను, విను. నేను ఆ ఒక్కరోజే రాయలేదు. పద్దెనిమిదిన రాశాను, పంతొమ్మిదిన రాశాను, ఇరవయ్యిన రాశాను. మూడు పొద్దులూ షిఫ్టు ఎక్కగానే అదే లైను: ‘రెండో బెల్టు టెయిల్ ఎండ్, నో గార్డ్.’ నా డ్యూటీ నేను చేశాను. పైవాళ్లు చదవకపోతే నాదా తప్పు? నేను కాగితం రాసేవాణ్ణి. బెల్టు ఆపేవాణ్ణి కాదు.

ఇంతకన్నా రాయను. మా కంట్రాక్టరు మనుషులు నా బల్ల మీద ఏ కవరు పడిందో కూడా చూస్తున్నారు.

సాయిశంకర్


వన్ టౌన్
జూలై 24

సాయిశంకర్ బావకి,

దొరికిపోయావు.

పౌర్ణమి నాడు నేనూ దేముడమ్మా సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేశాం. ముప్పై రెండు కిలోమీటర్లు. అడుగడుక్కీ నిన్ను తిట్టుకుంటూ నడిచాను, దేవుడి పేరు ఎన్నిసార్లు తలిచానో నాకే అనుమానం. తెల్లారి బండి మీద ఇంటికొస్తుంటే దారిలో దేముడమ్మ చీర చెంగు వెనక చక్రంలో చుట్టుకుంది. అరిచింది కాబట్టి సరిపోయింది, బ్రేకు వేశాను. ఇంకో రెండు చుట్లు తిరిగితే నాకు ఇవాళ ఉత్తరం రాసే ఇల్లు ఉండేది కాదు.

బండి తోసుకుంటూ మా సందు చివర మెకానిక్ చంటి దగ్గరకి తీసుకెళ్లాం. వాడు కిందికి వంగి చూసి అన్నాడు:

“గురువుగారూ, గార్డు లేదేటండి?”

“గార్డేటిరా? బండికి గార్డేటి?”

“శారీ గార్డండీ బాబూ. ఈ పక్కన జాలీ ఉండాలి కదా, సీర సక్రంలోకి పోకుండా. ఊడిపోయి ఎన్నాళ్లయిందో సూసుకోలేదేటి? ఊరందరికీ జాగర్తలు సెప్తారు!”

నేను రోడ్డు మీద అలాగే కూర్చుండిపోయాను బావా. దేముడమ్మ నాకు కళ్లు తిరిగాయనుకుంది.

రైలు చివరి పెట్టెలో జెండా ఊపేవాడు గార్డు. బీచిలో అలల దగ్గర ఈల వేసేవాడు గార్డు. బ్యాంకు గుమ్మంలో తుపాకీ ఆనించుకుని కునికేవాడు గార్డు. క్రికెట్ ఆడేవాడు కాలికి కట్టుకునేది గార్డు, చక్రానికి బిగించే జాలీ గార్డు. ఇంగ్లీషువాడికి మనిషైనా ఇనుమైనా ఒకటే మాట. ‘నో గార్డ్’ అంటే వాడి భాషలో ఏదైనా కావచ్చు. మన భాష అలా వదిలిపెట్టదు. మనిషైతే లేడు అంటుంది. వస్తువైతే లేదు అంటుంది.

నువ్వు మూడు రోజులు రాశావు, నో గార్డ్ అని. పంతొమ్మిదిన మధ్యాహ్నం యార్డు కాంటీనులో నువ్వూ నరేషూ ఒకే ప్లేటులో పూరీ తింటున్న ఫొటో రోజారమణి మాకు పంపింది. దేముడమ్మ ఫోనులో ఇంకా ఉంది. వాడు యూనిఫారంలో ఉన్నాడు, మెడలో విజిల్ ఉంది. పొద్దున ‘నో గార్డ్’ రాసి, మధ్యాహ్నం ఆ లేని గార్డుతోనే పూరీ తిన్నావా?

ఏ గార్డు లేదు బావా? లేడా, లేదా? ఒక్క అక్షరం. దు వేసి పంపుతావో డు వేసి పంపుతావో నీ ఇష్టం. ఆ అక్షరం మీద నా తమ్ముడి బతుకు ఉంది.

శ్రీరామ్మూర్తి


కూర్మన్నపాలెం
ఆగస్టు 6

బావా,

దు.

ఇది రాయడానికి పన్నెండు రోజులు పట్టింది. నువ్వు గెలిచావు, మైకులో చెప్పుకో.

మే పదిహేడున బెల్టు చుట్టి తిరిగే ఆ చివరి డ్రమ్ము దగ్గర బొగ్గు ఇరుక్కుంటే తీయడానికి, దాని మీద కప్పిన ఇనుప జాలీ విప్పారు. దాన్నే మేం గార్డు అంటాం. తిరిగి బిగించలేదు. పద్దెనిమిది పొద్దున నాకు మొదట చెప్పింది ఎవరనుకున్నావు? నరేషే. “బావా, గార్డు లేదు, సెయ్యి పడితే అంతే” అన్నాడు. వాడు చెప్పాకే నేను వెళ్లి చూసి రిజిస్టర్లో రాశాను. ఇరవయ్యిన చెయ్యి పడింది. తాడు లాగింది వాడే. నేను వెళ్లేసరికి ఒక చేత్తో తాడు పట్టుకుని ఇంకో చేత్తో నాగబాబు నడుం పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి “బావా, సూడు” అన్నాడు. అంతే అన్నాడు. నేను చూశాను. చూసినవాణ్ణి నేనే.

ఇరవై ఆరున సైట్ మేనేజరు గుణశేఖర్ కాగితం టైపు కొట్టించి తెచ్చాడు. చదివాను బావా. నీ మొదటి ప్రశ్నకి జవాబు అదే. చదివే సంతకం పెట్టాను. ఆ అక్షరం మీద వేలు పెట్టి “సార్, ఇక్కడ దు ఉండాలి” అన్నాను కూడా.

“ఏటి సాయీ, ఒక్క అక్షరానికి నలభై మందిని రోడ్డు మీద పడేత్తావా? జాలీ లేదంటే కంట్రాక్టు పోద్ది. మనిషి లేడంటే ఒక్కడే పోతాడు. మీ వాడికి నేను బెయిల్ చూసుకుంటాలే” అన్నాడు.

“పైగా వాళ్లన్నే మైకులో సెప్పేడట కదా” అన్నాడు. ఆ మాట కూడా అన్నాడు బావా. నా చేతికి పెన్ను ఇచ్చింది గుణశేఖర్, క్యాప్ తీసింది నువ్వు. ఇది రాయకుండా చచ్చిపోలేను.

ఇంకొకటి ఉంది. ఆ జాలీ ఈ రోజుకీ బిగించలేదు. ఇప్పుడు బిగిస్తే అప్పుడు లేదని ఒప్పుకున్నట్టేనట. ఎంక్వయిరీ అయ్యేదాకా ముట్టుకోవద్దని ఆర్డరు. నా షిఫ్టులో నేనే వెళ్లి ఆ చివర నిలబడుతున్నాను, ఎవరూ దగ్గరకి రాకుండా. ఎనిమిది గంటలూ గార్డు నేనే. నవ్వుకో. కానీ రెండు గంటలకి నేను దిగిపోతాను. తర్వాత షిఫ్టులో అక్కడ బొగ్గు తోసేవాడు రాము. నాగబాబు సొంత తమ్ముడు, పెళ్లయి ఏడాది. అన్న ఉద్యోగం వాడికి ఇచ్చి ఉపకారం చేశామని కంట్రాక్టరు చెప్పుకుంటున్నాడు. చిట్టెమ్మకి తెలీదు ఆ డ్రమ్ము ఇంకా నోరు తెరుచుకునే ఉందని.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం ఎంక్వయిరీ ఆఫీసరు యార్డుకి వస్తాడు, అదే ఆఖరు. ఆయన వచ్చే పూట బెల్టు చివరి వైపు తీసుకెళ్లకుండా ఆఫీసు రూములోనే కూర్చోబెట్టాలని నాకు చెప్పారు. రిజిస్టరు పోయిందని చెప్పమన్నారు. పోలేదు. నా లాకర్లో ఉంది.

ఏం చెయ్యాలో నన్ను అడక్కు. ఇది చదివి చింపేయ్.

సాయిశంకర్


వన్ టౌన్
ఆగస్టు 9, తెల్లవారుజామున నాలుగు గంటలు

సాయిశంకర్ బావకి,

చింపలేదు. చింపను. నీ ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. ఇది పోస్టులో వెయ్యలేదు. రోజారమణి రాత్రి మా ఇంటికి వచ్చింది కదా, దాని చేతికే ఇచ్చి తెల్లారకుండా పంపిస్తున్నాను. నువ్వు షిఫ్టు ఎక్కేలోపు గేటు దగ్గర నీ చేతిలో పెట్టాలి.

నిన్న సాయంత్రం భజన మందిరంలో మైకు పట్టుకున్నాను. జయవిజయుల కథే మళ్లీ చెప్పాను. ఇన్నేళ్లుగా నేను మింగేస్తున్న ముక్క ఒకటుంది ఆ కథలో. శాపం పడ్డాక స్వామి తానే నడిచి గుమ్మంలోకి వచ్చాడు. నా వాకిట్లో జరిగిన తప్పు నాది అన్నాడు. యజమాని ఆ మాట అన్నాడు! నేను ఎప్పుడూ చెప్పలేదు. రాక్షసుల భాగం వస్తే జనం కదలకుండా వింటారని దాని మీదికి దూకేవాణ్ణి. నిన్న అక్కడే ఆగి, “నా తమ్ముడు గుమ్మం వదల్లేదు. తాడు లాగినవాడు వాడే. శపించిన నోరు నాది” అన్నాను. ముందు వరసలో కొందరు లేచి వెళ్లిపోయారు. చిట్టెమ్మ వెళ్లలేదు. “మరి ఆ మాట మొన్న సెప్పలేకపోయేవేటి?” అని అందరి ముందూ అడిగింది.

ఇంటికొచ్చి నరేష్ పక్కన కూర్చున్నాను. వాడు ఇటు తిరిగి, “అన్నా, గార్డు బిగించేరా?” అన్నాడు. రెండున్నర నెలల తర్వాత వాడి మొదటి మాట. నన్ను తిట్టలేదు. నిన్నూ తిట్టలేదు. జాలీ గురించి అడిగాడు.

నిన్ను క్షమించలేదు బావా. ఆ పని నరేష్‌ది, నాది కాదు. జయవిజయులకి స్వామి రెండు దారులు ఇచ్చాడు: ఏడు జన్మలు మిత్రులుగా ఉంటారా, మూడు జన్మలు శత్రువులుగా ఉంటారా అని. శత్రువులుగానే తొందరగా ఇల్లు చేరతాం అన్నారు వాళ్లు. నువ్వూ నేనూ ఈ మూడు నెలలూ అదే దారిలో వచ్చాం. ఇక్కడిదాకా వచ్చేశాం, ఇప్పుడు వెనక్కి తిరిగితే నీ గుమ్మం నేను జన్మలో తొక్కను.

నీ షిఫ్టు రెండు గంటలకి దిగుతుంది. ఆఫీసరు ఒంటిగంటన్నరకి వస్తాడని రోజారమణి చెప్పింది. రాము రెండింటికి ఎక్కుతాడు. నీకున్నది ఆ అరగంట. ఆఫీసు రూములో కుర్చీ వెయ్యకు. లాకరు తియ్యి. ఆ మూడు లైన్ల పేజీ తెరిచి చంకలో పెట్టుకో. ఆయన్ని తీసుకుని సరాసరి రెండో బెల్టు చివరికి నడు. గుణశేఖర్ అడ్డం వస్తే రానీ. అక్కడ నోరు తెరుచుకున్న ఆ డ్రమ్ము చూపించి, “ఈ గార్డు లేదు” అను. దు పలుకు. గట్టిగా పలుకు. నరేష్ అప్పుడు నీతో ఏమన్నాడో అదే ఆయనతో అను: చూడు అను.

నేనూ నరేషూ గేటు బయట ఉంటాం. వాడు నిన్న ఉతికిన ఆ మరకల చొక్కాయే తొడుక్కున్నాడు, విజిల్ మెడలో వేసుకున్నాడు. చిట్టెమ్మ కూడా వస్తానంది. లోపలి నుంచి బెల్టు చప్పుడు మాకు వినబడుతుంది. అది ఆగిందంటే నువ్వు మనిషివని తెలుసుకుంటాం.

రాము చొక్కా చేతులు పైకి మడిచే లోపు, ఇవాళే, ఆ ఎర్ర తాడు లాగు బావా. లాగు.

శ్రీరామ్మూర్తి